తరుగు

గోతాం సంచిలో వచ్చాయి కథలు.
సైదులు గారి రెండో కూతురు గాలిబ్బీ
ఆటోలోంచి తనే దించుకుని, మెట్లెక్కి,
నా బల్ల మీద దభీమని పడేసింది.
"నాన్న రాతలు. ఎలకలు కొట్టకముందే తెచ్చా."
మూతి విప్పగానే తుమ్మొచ్చింది నాకు.
ముప్ఫయ్యేళ్ళయినా చావలేదు మిరప ఘాటు.

అరండల్‌పేటలో రెండో అంతస్తు.
ఒక ఫ్యాను, ఒక స్కానరు,
పదకొండు నెలల కాంట్రాక్టు మీద నేను.
కాగితానికో నంబరు వెయ్యాలి.
శీర్షిక, తేదీ, పుటలు, స్థితి, వ్యాఖ్య.
ముందువైపు ఏది, వెనకవైపు ఏది
అని కూడా అడుగుతుంది ఫారం.
మొదటిరోజు అక్కడే ఆగిపోయాను.

ఒకవైపు మిర్చియార్డు పట్టీ:
సన్నాలు, నలభై మూడు టిక్కీలు,
తాలు వేరు, హమాలీ వేరు,
కాటా రుసుం, తరుగు, నికరం.
రెండోవైపు అదే చేతిరాత,
నాలిక మీద తడిపి రాసే అదే ఊదారంగు పెన్సిలు:
"ఆ పొద్దు కమలమ్మ తొడిమలు తీస్తూ
ఒక్కసారి కూడా తల ఎత్తలేదు."

అచ్చయిన కథ సంచి అడుగున ఉంది.
వారపత్రిక కత్తిరింపు, రెండు పేజీలు,
మధ్యలో సబ్బు ప్రకటన.
చివర్లో ఆమె కొంగు దులుపుకుని
గేటు దాటి వెళ్ళిపోతుంది.
అంతే.

ఆ 'అంతే' కోసం ఏడుసార్లు రాశాడాయన.

మొదటి ప్రతిలో ఆమె చచ్చిపోతుంది.
(తొందర. మొదట అందరం చంపేస్తాం.)
రెండోదానిలో మేస్త్రీ చెంప పగలగొడుతుంది.
మూడోదానిలో వాన.
టిక్కీలు తడుస్తుంటాయి,
ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.
నాలుగోదానిలో కమలమ్మని కొట్టేసి దీనమ్మ,
దీనమ్మని కొట్టేసి మస్తానమ్మ,
ఆ పైన పేరే లేదు, ఉత్త 'ఆమె'.
ఆరోది దొరకలేదు.
"పొయ్యిలోకి పోయుంటది," అంది గాలిబ్బీ,
"మా అమ్మకి కాగితమంటే కాగితమే."

ఐదోదాని అంచున, యార్డు లెక్కలాగే,
గీత కొట్టి మరీ వేశాడు:
మాటలు 1460.
తరుగు 212.
నికరం 1248.
నవ్వొచ్చింది.
కాసేపటికి పోయింది.

ఆ రెండొందల పన్నెండులో ఒక మాట ఉంది.
మిగతావాటికి ఒక్క గీతే.
దీనిమీద మాత్రం గీత మీద గీత,
కాగితం చిరిగేదాకా.
స్కానరు దాన్ని నల్లమచ్చ అంది.
కిటికీ దగ్గరికి తీసికెళ్ళి
మధ్యాహ్నం రెండింటి గుంటూరు ఎండకి పట్టాను.
గీతల కింద పెన్సిలు నొక్కిన గాళ్ళు,
ఒక్కో అక్షరమే పైకి తేలింది:

"అయ్యా, ఓసారి నన్నెక్కించండి మీ కాటా.
తరుగు పోను నేనెంతో చెప్పండి."

ఎవర్ని అడిగింది?
మేస్త్రీకి కాటా ఉండదు.
కథలో కాటా గుమాస్తా లేడు.
ఆరు ప్రతులూ మళ్ళీ మొదట్నించీ చదివాను,
ఎక్కడా, నీడకి కూడా లేడు.

కాగితం తిప్పాను.
అటువైపు, అంకెలన్నిటికీ అడుగున,
ఊదారంగులో, వంకర లేకుండా:
నూర్‌బాషా సైదులు, కాటా గుమాస్తా.

సాయంత్రం గాలిబ్బీ ఫోను.
"ఏమన్నా పనికొచ్చేయి ఉన్నాయా అందులో?"
ఉన్నాయన్నాను.
"మరి డబ్బులేమన్నా..."
కనుక్కుని చెప్తానన్నాను.
అటునించి ప్రెషర్‌కుక్కరు కూత వినపడింది,
పెట్టేసింది.

వ్యాఖ్య గడిలో రాశాను, చెరిపాను,
మళ్ళీ రాశాను, పెద్దదైపోయింది,
కొట్టేశాను.
ఆఖరికి మిగిలింది ఇదీ:

పుటలు: రెండు.
స్థితి: ఒకచోట చిరుగు. ఘాటు ఉంది.
ముందువైపు:

అది ఖాళీగా వదిలేసి
లైటార్పి, తాళం వేసుకుని వచ్చేశాను.
చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగాను,
అయినా రాత్రి కన్ను నలుపుకుంటే
భగ్గుమంది.